మా వదిన చుట్టిన మూడు సున్నాలు

మా ఇంట్లో ఏ శుభకార్యానికి నలుగురు చేరినా ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. "మా పాప మదనపల్లెలో ఫిజిక్సు లెక్చరరు. భూకంపం ఎక్కడ పుట్టిందో నేల మీద మూడు సున్నాలు చుట్టి చూపించి, వాళ్ళన్న పని పోకుండా నిలబెట్టింది" అని. వినేవాళ్ళు నా వైపు తిరిగి నోరు తెరుస్తారు. నేను కాదంటే వినయం అనుకుంటారు. నాకు వినయం ఉందని నన్నెరిగినవాళ్ళెవరూ అనరు. జరిగిందేమిటంటే, సున్నాలు చుట్టింది మా వదిన. అన్న పని పోయేదాకా తెచ్చింది నేను. ఈ రెండు ముక్కలూ ఆ కథలో ఎవరూ చెప్పరు కాబట్టి నేనే రాస్తున్నాను.

మా ఊరు పుంగనూరుకు తూర్పున నాలుగు కిలోమీటర్లు. ఊరి పక్కనే కంకర క్వారీ. అన్న అక్కడ షాట్ పెట్టే మనిషి. అంటే బండకు రంధ్రాలు వేయించి, వాటిలో తూటాలు దించి, పైన బంకమట్టి కూరి, వైరు లాగి, ఎర్రజెండా ఎత్తించి, మూడుసార్లు ఈల ఊదించి, చివరకు మీట నొక్కేది ఆయనే. దానికి లైసెన్సు ఉంటుంది. ఇరవై ఏళ్ళు పైబడి ఆ పని చేసి కూడా చేతులకు పది వేళ్ళూ ఉన్నాయి. ఆ వృత్తిలో లైసెన్సు కన్నా పెద్ద సర్టిఫికెట్ అదే. మా అమ్మ కడుపున మాటలన్నీ నాకు, ఓర్పంతా అన్నకు పంచుకుని పుట్టాం. నేను పది మాటలంటే ఆయన ఒకటి అంటాడు. అదీ నేను ఊపిరి తీసుకునేటప్పుడు.

ఒక ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో మా వైపు నేల రెండు మూడుసార్లు సన్నగా అదిరింది. టీవీలో ఒక రోజు చెప్పారు, మర్నాడు మరిచిపోయారు. కానీ హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. భూకంపాల మీద పనిచేసే సైంటిస్టు. ముప్పై దాటినట్టుంది. ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ మట్టి ఉండేది. జీపు వెనక మూడు పెట్టెలు. మూడు చోట్ల మూడు పెట్టాలి, ఒకదానికొకటి దూరంగా, కింద గట్టి బండ, దగ్గర్లో రోడ్డూ మోటారూ లేని చోటు చూపించమని నన్ను అడిగింది. ఫిజిక్సు లెక్చరరునని ఎవరో నా పేరు చెప్పారట.

మదనపల్లెలో మా కాలేజీ స్టోరు రూములో ఒకటి పెట్టించాను. పుంగనూరు పడమటి చివర, పాతబడిన పశువుల ఆసుపత్రి గదిలో రెండోది. మూడోదానికి కుప్పం దగ్గరున్న మా వదిన పుట్టిల్లు కుదిరింది. అక్కడ వాళ్ళకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. అప్పటికి ఒక పంట గూళ్ళు అమ్మేసి షెడ్డు ఖాళీగా ఉండింది.

పెట్టె పాలక్యానంత ఉంటుంది. లోపల స్ప్రింగుకు వేలాడే చిన్న బరువు. నేల కదిలితే పెట్టె కదులుతుంది, లోపలి బరువు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. రెంటికీ వచ్చే తేడాను కరెంటుగా మార్చి, సెకనుకు వంద సార్లు ఒక కార్డులో రాసుకుంటుంది. పైన ఇంకో చిన్న డబ్బా ఉపగ్రహాల నుంచి టైము పట్టుకుంటుంది. మూడు ఊళ్ళలోనూ ఒకే గడియారం నడవాలి, లేకుంటే పడ్డ శ్రమ వృథా. ఏళ్ళ తరబడి బోర్డు మీద ఈ బొమ్మ వేసి పిల్లలకు మార్కుల కోసం చెప్పానే గాని, అసలు వస్తువును అప్పుడే చూశాను. చూడలేదని ఆ అమ్మాయికి చెప్పలేదు.

"మేడమ్, ఈ రూము పక్కన పిల్లలు గెంతకుండా చూడండి" అంది.

"గెంతని పిల్లలు కావాలంటే బొమ్మల అంగడికి పోవాలమ్మా" అన్నాను. నవ్వి, కార్డులు తీసుకోవడానికి మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది.

వెళ్ళిన వారానికి అది జరిగింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. స్టాఫ్‌రూములో క్యారియర్ విప్పుకుంటున్నాను. కుర్చీ ఊగినట్టయింది. వెనక కూర్చున్న కెమిస్ట్రీ ఆమె కాలు తగిలిందనుకుని ఆమెను కసిరాను. ఆమె నన్ను కసిరింది. ఇద్దరం తలెత్తి చూస్తే ఆపేసి ఉన్న ఫ్యాను ఊగుతోంది. పది నిమిషాలకు వదిన ఫోను.

"లెచ్చరమ్మా, కొంప మునిగె. మీ అన్న షాట్ పెట్టినాడు, ఊరంతా అదిరిపాయె. పెద్ద బావి కట్టు ఒగ పక్క మొత్తం లోపలికి జారిపాయె. జనం క్వారీ కాడికి పోతాండారు."

"ఎవరికన్నా దెబ్బలు తగిలినాయా?"

"దేవుని దయ, ఎవురికీ ఏమీ కాలే. మీ అన్నకే ఇంగ తగిలేది."

ఆమె మాట నిజమైంది. తూటాలు రెట్టింపు పెట్టాడని ఊరు అంది. క్వారీ మేనేజరు తన మీదికి రాకుండా ఉండటానికి ఊరితో కలిసి అదే అన్నాడు. మైనింగ్ ఆఫీసరు విచారణ ముగిసేదాకా పనికి రావద్దన్నారు, లైసెన్సు కాగితం తెచ్చి ఆఫీసులో పెట్టమన్నారు. తప్పు అన్నదేనని తేలితే అది రద్దవుతుంది. ఒకసారి రద్దయిన మనిషి చేతికి మళ్ళీ ఏ క్వారీలోనూ తూటా ఇవ్వరు. యాభై దాటిన వయసులో ఇంకో పని నేర్చుకోవడం ఒక ఎత్తు, ఊళ్ళో అబద్ధాలకోరని పేరు పడటం ఒక ఎత్తు. అన్నకు రెండోదే ఎక్కువ తగిలింది.

నేను హైదరాబాదుకు ఫోన్ చేశాను. ఆ అమ్మాయికి అప్పటికే తెలుసు. కానీ కార్డులు పెట్టెల్లోనే ఉన్నాయి, వాటిని ఎవరో ఒకరు వచ్చి చేత్తో తీయాలి, ఆమె వేరే చోట పనిలో ఉంది. మూడు వారాలు పడుతుందంది. "ఈలోగా మీరొక సాయం చేయండి మేడమ్, మనుషుల్ని అడగండి" అని ఒక ఫారం పంపింది.

భూకంపానికి రెండు కొలతలు. పుట్టినచోట ఎంత శక్తి వెలువడిందో చెప్పేది మాగ్నిట్యూడ్, అది ఒకటే అంకె. ఏ ఊరు ఎంత అదిరిందో చెప్పేది ఇంటెన్సిటీ, అది ఊరికొకటి. మొదటిదానికి పెట్టెలు కావాలి. రెండోదాన్ని మనుషుల్ని అడిగి రాస్తారు. మీరు కూర్చున్నారా, నిలబడ్డారా? గిన్నెలు మోగాయా? వేలాడే వస్తువులు ఊగాయా? గోడ చీలిందా, పెంకులు పడ్డాయా? జవాబులను బట్టి ప్రతి ఊరికీ ఒక అంకె వేసి పటం గీస్తే, ఎక్కువ అదిరిన చోటు బయటపడుతుంది.

నేను ఆదివారం పొద్దున్నే అట్టకు ఫారాలు బిగించుకుని బయల్దేరాను. ముందు మా ఊళ్ళోనే మొదలుపెట్టాను.

"రాసుకోమ్మా, మూడు గోడలు పగిలినాయి" అన్నాడు మొదటి ఇంటాయన.

"యాడ పగిలినాయప్పా? చూపించు."

చూపించాడు. పగులు నిండా సాలీడు గూళ్ళు. "ఇది పాతది కదప్పా."

"పోయిన సమ్మచ్చరం పగిలిండేది. ఇప్పుడు ఇంగా పెద్దదాయ."

"ఎంత పెద్దది?"

"నువ్వు ఎంత రాస్తే అంత."

పక్కింటామె పెంకులు ఎన్ని పడ్డాయో చెప్పే ముందు, అవతలి ఇంటికి ఎన్ని రాశానని అడిగింది. పదహైదు అన్నాను. "అట్లయితే నాకు ఇరవై రాయి. మాది పెద్దిల్లు" అంది.

నేను రాశాను. ఈ మాట దాచను. మా సీమలో అట్టకు కాగితం బిగించుకుని వచ్చే మనిషి అంటే కరువు సాయానికో పంట నష్టానికో లెక్కలు రాసుకోవడానికి వచ్చినట్టే. ఎండిన చేను ముందు నిలబడి "పర్వాలేదు" అన్నవాడికి ఎప్పుడూ ఏమీ రాలేదు. తాతల నాటి నుంచి నేర్చుకున్న పాఠం అది. పైగా ఈసారి అడగడానికి ఒక క్వారీ కూడా ఉంది. ఆ మట్టిలో పుట్టినదాన్ని, నాకు ఇది తట్టాలి. తట్టలేదు. లెక్చరరుకు ఎవరైనా అబద్ధం చెబుతారా అనుకున్నాను. రోజూ హోంవర్కు గురించి వంద అబద్ధాలు వినేదాన్ని.

పుంగనూరుకు పడమట ఉన్న పల్లెలకు పోతే అక్కడ అంతా తలకిందులు.

"అదిరిందాప్పా?"

"ల్యా."

"గిన్నెలు మోగినాయా?"

"మా గిన్నెలు మోగవు."

"వాకిట్లో పెంకులు కొత్తగా పడినట్టుండాయే?"

"కోతులు."

నేను వెనక్కి తిరిగాక ఒక ముసలాయన గొణగడం చెవిన పడింది. "బెంగళూరోళ్ళు బూములు సూసేదానికి వస్తాండారు. ఈ యమ్మ అదిరిందని రాసుకుని పోతే ఎవుడు కొంటాడు?" విన్నాను. విని కూడా, నాకెందుకులే అని "ఏమీ లేదు" అని గీత పెట్టాను.

ఒక్క మనిషి మాత్రం వేరేగా చెప్పింది. మా ఊళ్ళోనే ఒక ముసలమ్మ, వాకిట్లో కూర్చుని ఎండాకాలంలో దాచిన చింతకాయలు రాతి మీద పెట్టి కొట్టి గింజలు తీస్తోంది. ఆ రోజూ అదే పనిలో ఉందట.

"షాట్ సద్దు ఇన్నావా అవ్వా?"

"అది ముందే ఆయ. అది అయినాంక నేను లోపలికి పోయి, నీళ్ళు తాగి, వచ్చి కూసుంటి. అప్పుడు కింద నుంచి ఎవురో తట్టినట్టాయ. ఏమబ్బా అనుకుంటానే రెండు కాయలు కొట్టి, మూడోది తీసుకుంటి. ఆపైన ఊగె."

"పెంకులు ఎన్ని పడినాయి?"

"ఒగటీ పల్లే. పడనివి యాల సెప్పేది?"

మిగతా ఊరంతా షాటూ అదురూ ఒకేసారి అన్నారు. ఈమె ఒక్కతే నీళ్ళు తాగి వచ్చానంటోంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకుని, ఫారం చివర గళ్ళో నేను నా చక్కటి అక్షరాలతో రాశాను: వృద్ధురాలు, సమాచారం నమ్మదగినది కాదు.

అన్న ఇంటికి వచ్చి రంగు పెన్సిళ్ళతో పటం వేశాను. క్వారీ చుట్టూ ఎరుపు, దూరం పోయేకొద్దీ నారింజ, పసుపు, పడమట అంతా తెలుపు. చూడటానికి ఎంత బాగుందో. మధ్యలో క్వారీ, బొట్టు పెట్టినట్టు.

అన్న వాకిట్లో సంగటి తింటున్నాడు. పటం ముందు పెట్టాను.

"ఊరంతా ఒగ మాట అంటాంటే నువ్వొక్కడివే ఒగ మాట అంటాండావే. తూటాలు ఎక్కువ పెట్టినావా, ల్యాదా? నాకన్నా నిజం సెప్పు."

"పదకొండు రంధ్రాలు. రోజూ పెట్టేంతే పెట్టినా పాపా."

"మరి బావి యాల కూలె?"

అన్న ముద్ద పక్కన పెట్టాడు. "నా షాట్ బండను ఒగ తోపు తోసి వదిలేస్తాది. అది అట్లగాదు. నేను బండ మీద సెయ్యి పెట్టుకోని ఉండా. కింద నుంచి వచ్చె. ముందర తట్టె, తర్వాత ఊపె."

"సెయ్యి పెడితే తెలిసేదానికి నువ్వేమన్నా మిషనా?"

ముందు తట్టు, తర్వాత ఊపు. నేను బోర్డు మీద రాసేది అదే, పి తరంగం, ఎస్ తరంగం అని రెండు ఇంగ్లీషు అక్షరాలు తగిలించి. అది అన్న నోట తెలుగులో వచ్చేసరికి నా చెవికి పాఠంలా వినపడలేదు, సాకులా వినపడింది. ఆయన మళ్ళీ ముద్ద ఎత్తలేదు. కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

వదిన కంచం తీస్తూ నా వైపు చూసింది. "మీ అన్న మిషను గాదు, సరే. మా పుట్టింట్లో నువ్వు పెట్టించిన మిషను ఏమంటాదో అది రానీ. అంతదాక ఆ రంగుపెన్సిళ్ళు సంచిలో పెట్టుకో."

పెట్టుకోలేదు. రెండు రోజులకు ఆఫీసరు విచారణకు వచ్చాడు. చదువుకున్నదాన్ని కనుక నన్నూ అడిగాడు. అన్న కోసం అబద్ధమాడను అనే పొగరు ఒకటి నాలో లేచింది. ఆ పటాన్ని నా చేత్తో ఆయనకిచ్చాను. "ఇది కరెక్టేనా మేడం?" అన్నాడు. "నలభై ఇళ్ళు తిరిగి వేశాను" అన్నాను. ఆయన దాన్ని మడిచి ఫైలులో పెట్టుకున్నాడు.

తర్వాతి రోజులు తలుచుకోవడం నాకు ఇష్టం ఉండదు. కాలేజీ అయ్యాక బస్సెక్కి అన్న ఇంటికి వెళ్ళేదాన్ని, సెలవు రోజైతే పొద్దుట్నుంచీ అక్కడే. అన్న నాతో మామూలుగానే మాట్లాడేవాడు, అదే కష్టంగా ఉండేది. వదినతో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలిచేవాడు. ఒంటిగంటకు క్వారీ ఈల వినపడగానే చేతులు ఆగిపోయేవి. వేరే ఊరి నుంచి తెచ్చిన మనిషి షాట్ పేల్చేవాడు. అన్న తల వంచుకుని విని, "మట్టి సరింగా కూరలే" అనేవాడు. మళ్ళీ ఒలిచేవాడు.

మూడు వారాలు పడుతుందని చెప్పిన అమ్మాయి మూడో వారం ముగియకుండానే వచ్చింది. ఆమెతో పాటు నేనూ మూడు ఊళ్ళూ తిరిగాను. మా కాలేజీ కార్డు తెరిచి తెర మీద చూపించింది. గంటకోసారి గీత లావయ్యేది. బెల్లు కొట్టగానే పిల్లలంతా లేచిన అదురు అది. మా టైంటేబుల్ మొత్తం అందులో ఉంది. పై అంతస్తు మాథ్స్ సారు రోజూ పది నిమిషాల ముందే క్లాసు వదిలేస్తాడన్న సంగతి కూడా ఉంది. పుంగనూరు కార్డులో ఆవులు నేలను తన్నినవి. కుప్పం కార్డులో మామూలు రోజుల గీత మాత్రం తుడిచి పెట్టినట్టుంది. ఆమెకు నమ్మకం కలగలేదు, పెట్టె పనిచేసిందా లేదా అని చూసుకుంది. పనిచేసింది. వదిన పుట్టింటివాళ్ళు అది షెడ్డులో ఉన్నన్నాళ్ళూ చెప్పులు బయట విడిచి, గుసగుసగా మాట్లాడి, కొత్తవాళ్ళను గడప తొక్కనియ్యలేదు. పురుగులు మేత మాని కదలకుండా పడుకునే రోజుల్లో వాళ్ళు పాటించే పద్ధతి అది.

"పురుగులు లేవు కదమ్మా ఇప్పుడు" అంది ఆ అమ్మాయి.

వదినవాళ్ళమ్మ ఆశ్చర్యపోయింది. "పెట్టె ఉండాది కదా."

మా ఊరికి తిరిగి వచ్చాక, ఆ అమ్మాయి అన్న ఇంటి తిన్నె మీద కూర్చుని నా ఫారాలన్నీ చదివింది. నేను దాచుకున్న పటం నకలు కూడా చూసింది. తర్వాత, "మేడమ్, మీరు వేసింది భూకంపం పటం కాదు. ఎవరికి ఏం కావాలో దాని పటం" అంది. నాకు ఎదురు మాట్లాడేవాళ్ళు తక్కువ. ఆ అమ్మాయి అంటే నాకు ప్రేమ కలిగింది అప్పుడే. ముసలమ్మ ఫారం దగ్గర వేలు ఆపింది. "ఇది నమ్మదగినది కాదని ఎవరు రాశారు?"

"నేనే."

"తట్టుకూ ఊపుకూ మధ్య రెండు చింతకాయలు. అంటే రెండు రెండున్నర సెకన్లు. క్వారీ పక్కన ఉన్న ఊళ్ళో షాట్ అయితే ఆ సందే ఉండదు మేడమ్. ఆమె గడియారం లేకుండా ఎస్ మైనస్ పి కొలిచింది."

పుంగనూరు కార్డు తెరిచి చూపించింది. ఆ రోజు ఒంటిగంట దాటాక రెండు గుర్తులున్నాయి. మొదటిది సూదిలా లేచి వెంటనే చచ్చిపోయింది. అది అన్న షాట్. మామూలు రోజుల షాట్ల పక్కన పెట్టి చూస్తే అంతే ఎత్తు, వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత యాభై మూడు సెకన్లు ఏమీ లేదు. అప్పుడు రెండోది: చిన్న వణుకుతో మొదలై, రెండు సెకన్లాగి, ఒక్కసారిగా పెద్దదై, నిమిషందాకా సాగింది. కుప్పం కార్డులో మొదటి గుర్తు లేనే లేదు. రెండోది మాత్రం ఉంది, వణుకుకూ ఊపుకూ మధ్య దాదాపు ఎనిమిది సెకన్లతో.

అన్న తెర వైపు చూడలేదు, వదిన వైపు చూశాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

అయితే మేనేజరు ఒప్పుకోలేదు. ఊళ్ళో పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. "కంప్యూటర్లో ఏం కావాలంటే అది సూపిస్తారు. నాకు కనపడేట్టు సెప్పమను" అన్నాడు. న్యాయమే అనిపించింది.

వాకిట్లో మూడు రాళ్ళు పెట్టాం, పది కిలోమీటర్లకు ఒక మూర లెక్కన. మదనపల్లె రాయి, పుంగనూరు రాయి దగ్గర దగ్గర. కుప్పం రాయి దక్షిణాన పశువుల కొట్టం గోడ దాకా పోయింది. నేను పాఠం మొదలుపెట్టాను. "పుంగనూరు బస్టాండులో ఎక్స్‌ప్రెస్సూ పల్లెవెలుగూ ఒకేసారి బయల్దేరినాయనుకోండి. మొదటి స్టేజీలో రెంటికీ తేడా కొంచెమే. దూరం పోయేకొద్దీ తేడా పెరుగుతాది. ఆ తేడా చెబితే, బస్సులు ఎంత దూరం నుంచి వచ్చినాయో చెప్పొచ్చు. భూమిలో తట్టు ఎక్స్‌ప్రెస్సు, ఊపు పల్లెవెలుగు. సెకను తేడాకు దగ్గరదగ్గర ఎనిమిది కిలోమీటర్లు."

"దూరం తెలిసె. ఏ దిక్కునుంచి?" అన్నాడు మేనేజరు. తెలివైనవాడే.

"ఒక్క పెట్టెకు దిక్కు సరింగా తెలీదు. అందుకే ఆ దూరంతో చుట్టూ సున్నా చుట్టాల. మూడు సున్నాలు యాడ కలిస్తే ఆడ పుట్టినట్టు."

దారం పట్టుకుని, ముగ్గుపిండి గిన్నె తీసుకుని నేనే వంగాను. పుంగనూరు రాయి చుట్టూ మూరన్నర పైన. సగం పోయేసరికి అది సున్నా కాదు, దోసకాయ అయింది. జనం నవ్వారు. వదిన వచ్చి గిన్నె లాక్కుంది.

"ఇటియ్యి. అంత సదువు సదివి సున్నా సుట్టేది రాలేదు నీకు."

రాయి దగ్గర దారం కొస పట్టుకోవడం నా వంతయింది. వదిన నడుం వంచి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య నుంచి పిండి వదులుతూ వెనక్కి వెనక్కి నడిచింది. మొదలైన చోటికే వచ్చి కలిసింది. మదనపల్లెకు మూడు మూరలకు కాస్త తక్కువ. కుప్పానికి ఆరు మూరల పైన, అది వాకిట్లో పట్టలేదు.

"సగం సున్నా సాలునా?" అని అరిచింది కొట్టం దగ్గర నుంచి.

"చాలక్కా" అంది ఆ అమ్మాయి.

మూడు గీతలూ ఒక చుక్కలో కలవలేదు. పుంగనూరుకు పడమట, అరచేయంత మూడు మూలల జాగా మిగిలింది. మేనేజరు వెంటనే పట్టుకున్నాడు. "కలవలేదే?"

"కలవవు. బండ అన్నిచోట్లా ఒకే రకంగా ఉండదు, నా కొలతలోనూ తప్పుంటుంది. ఆ జాగాలో ఎక్కడో అని మాత్రమే చెప్పగలను" అంది ఆ అమ్మాయి. ఆమె అట్లా ఒప్పుకోవడం వల్లే జనం నమ్మారని నా అభిప్రాయం.

అన్న ఒక గులకరాయి తీసుకుని లేచాడు. ఎవరూ అడగలేదు. పుంగనూరు రాయికి తూర్పున, క్వారీ ఉండే చోట దాన్ని పెట్టాడు. పెట్టి పక్కకు నిలబడ్డాడు. గులకరాయికీ ఆ అరచేయంత జాగాకూ మధ్య రెండు మూరలు. పడమటి పల్లె నుంచి పని మీద వచ్చిన ఒకాయన ఆ మూడు మూలల జాగాను కాసేపు చూసి, "మా ఊరు కిందనే" అన్నాడు. తర్వాత, "కోతులు గాదమ్మా అవి" అని నాతో మెల్లగా చెప్పాడు.

ఆఫీసరుకు ఆ అమ్మాయి రిపోర్టు పంపింది. మాగ్నిట్యూడ్ మూడు దాటిందనీ, వానలకు నాని ఉన్న పాత బావి కట్టు కూలడానికి ఆ ఊపు చాలిందనీ రాసింది. నేనూ నా పటం తప్పని ఉత్తరం రాసి, చేత్తోనే తీసుకెళ్ళాను. "అప్పుడు నలభై ఇళ్ళు తిరిగానన్నారు?" అన్నాడాయన. "తిరిగాను. వినలేదు" అన్నాను. కొన్నాళ్ళకు లైసెన్సు కాగితం తిరిగి వచ్చింది. మేనేజరే ఇంటికి వచ్చి రమ్మన్నాడు. అన్న వెంటనే పోతాడనుకున్నాను, కానీ ఒక షరతు పెట్టాడు. క్వారీ డబ్బుతో పెద్ద బావి కట్టు తిరిగి కట్టించాలని. "తప్పు నీది కాదని తేలినాక యాల?" అన్నాను. "బావి కూలిండాది కదా" అన్నాడు. కట్టించారు.

నేను క్షమించమని అడగలేదు, నాకు ఆ మాట నోరు తిరగదు. ఒక ఆదివారం పోయి సంగటి నేనే కెలికి పెట్టాను. ఉండలు కట్టింది. అన్న మొత్తం తిన్నాడు. "నువ్వు వాళ్ళు సెప్పింది రాసినావు, అంతే కదా" అన్నాడు. వదిన ఊరుకోలేదు. "మీ అన్న సెప్పింది మాత్రం రాయలే" అంది. అదీ నిజమే.

మొన్న సెలవులకు క్వారీ దగ్గరకు పోయాను. జెండా దగ్గర దూరంగా నిలబడి చూశాను. షాట్ పేలింది. దుమ్ము అణిగింది. పనివాళ్ళు లేచారు, కానీ ఇక లోపలికి పోవచ్చని చెప్పే ఈల అన్న ఊదలేదు. వంగి బండ మీద అరచెయ్యి ఆనించి అట్లాగే ఉన్నాడు. నిమిషం గడిచాక ఊదాడు. మునుపు ఇట్లా ఆగేవాడు కాదని పనివాళ్ళు చెప్పారు. ఎందుకన్నా అంటే "ఊరికే" అన్నాడు.

షాట్ వల్లే నేల అదిరిందా అని హైదరాబాదు అమ్మాయిని ఆ రోజుల్లోనే అడిగాను నేను. ఆ షాట్ చాలా చిన్నదనీ, నేల అంతకు ముందు నుంచే అదురుతోందనీ, రెంటికీ సంబంధం ఉందని తాను అనుకోవడం లేదనీ చెప్పింది. "లేదని రుజువు చెయ్యగలవా?" అన్నాను. చెయ్యలేనంది. రోజులో ఎన్నో వేల సెకన్లుండగా భూకంపం షాట్ తర్వాతి ఆ యాభై మూడో సెకనునే ఎంచుకుంది. ఆ రోజు మా అన్న మీట నొక్కకుండా ఉండి ఉంటే, ఆ నేల అదిరేదా, అదిరేది కాదా?